పెట్టకు చరిత్ర లేదా?

అమరకోశంలోని సింహాదివర్గం వల్లెవేసినవారికి కోడి పర్యాయపదాలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము. మొదటిది గొంతుతో పలికేది. రెండవది రాగివన్నె జుట్టు గలది. మూడవది కూతను అనుకరించి పుట్టిన మాట. నాలుగవది కాళ్ళే ఆయుధాలుగా గలది. ఈ నాలుగు పేర్లలో ఎక్కడా గుడ్డు లేదు, పొదుగు లేదు, రెక్కల కింద ఒదిగిన పిల్లలు లేవు. నాలుగూ పుంజును చూచి పెట్టిన పేర్లే. పెట్టకు మాత్రం స్త్రీప్రత్యయం ఒకటి తగిలించి 'కుక్కుటి' అని సరిపెట్టుకున్నారు.

భాషాప్రవీణ చదివే రోజుల్లోనే ఈ సంగతి నా మనసులో నాటుకున్నది. ఉద్యోగ విరమణ చేసి తీరిక చిక్కిన తరువాత దానిని గురించి ఆలోచించే అవకాశం కలిగింది. దానికి ఒక కారణం కూడా ఉన్నది. పట్టణాలలో కాస్త పెరడు ఉన్నవారు ఈమధ్య నాలుగేసి పెట్టలను కొని తెచ్చుకొంటున్నారు. పల్లెలో పుట్టినవాడినని తెలిసి, "మాస్టారూ, కొత్త కోళ్ళు గూట్లోకి వెళ్ళడం లేదు, ఏం చెయ్యాలి?" అని నన్ను అడుగుతున్నారు. జవాబు చెప్పగలుగుతున్నాను. కాని ఆ జవాబు నేను చదివిన ఏ కావ్యంలోనూ, ఏ శాస్త్రంలోనూ లేదు. అది మా నాయనమ్మ చేతుల్లో చూచినది. కొని తెచ్చిన కోడి కొత్త ఇంటికి ఎట్లా మచ్చిక అవుతుంది అన్న ఈ చిన్న ప్రశ్న వెనుక మూడువేల అయిదువందల ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను ఎవరు వ్రాశారు, ఎవరు వ్రాయలేదు అన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా మన వాఙ్మయంలో కోడి స్థానాన్ని చూద్దాము. దండి దశకుమారచరితంలో, ప్రమతి కథలో, వర్తకుల నడుమ కోడిపందెం వస్తుంది. మన పల్నాటి కథకు కోడిపోరే మలుపు. 12వ శతాబ్దిలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు ఒడ్డిన పందెంలో ఓడినవారు రాజ్యం విడిచి ఏడేండ్లు వలస పోవలసి వచ్చింది. ఆ వీరగాథను శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రగా సంతరించాడు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల వినోదాలలో కోడిపందెం ఒకటి. ఇక కుక్కుటశాస్త్రం పేరుతో వచ్చిన చిన్న పుస్తకాలు డేగ, కాకి, నెమలి, పింగళ, కౌజు, సేతువ అని రంగులనుబట్టి పుంజులను వర్గీకరించి, ఏ వేళ ఏది గెలుస్తుందో లెక్కలు కట్టాయి. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చినా, సంక్రాంతికి గోదావరి జిల్లాలలో ఆ పుస్తకాలను తిరగేసేవారు నేటికీ ఉన్నారు.

పెట్టను పట్టించుకున్నవారు లేకపోలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో కుక్కుట లక్షణాలు చెప్పి, చివర పెట్టకు కూడా ఒక శ్లోకం కేటాయించాడు. మృదువుగా పలికే, నిగనిగలాడే, అందమైన ముఖం, కన్నులు గల పెట్ట మంచిదట. ఎవరికి మంచిది? రాజులకు. సంపద, యశస్సు, విజయం ఇస్తుందట. గుడ్లు పెట్టే ప్రాణి గుణాన్ని కూడా రాజుగారి గెలుపుతోనే కొలిచారన్నమాట. మనువు మాటకు వస్తే, ఊరకోడిని వెల్లుల్లి, ఉల్లిపాయలతో ఒకే జాబితాలో చేర్చి ద్విజులకు నిషేధించాడు. గ్రంథాలు వ్రాసినవారిలో ఎక్కువమంది ఇళ్ళలో కోళ్ళ గూడు లేదు. గూడు ఉన్న ఇళ్ళలో గ్రంథాలు లేవు. పెట్ట చరిత్ర ఆ రెంటి నడుమ జారిపోయింది.

అయితే భాష జారవిడువలేదు. తమిళంలో 'ఏళు' అన్నది మనకు 'ఏడు' అయినట్లే, అక్కడి 'కోళి' మనకు 'కోడి' అయినది. మలయాళ, కన్నడాలలోనూ కోళియే. అంటే ఈ మాట మన భాషలు వేరుపడక ముందటిది. 'పెట్ట' కూడా అటువంటిదే. తమిళంలో ఆడపక్షికి 'పెట్టై', 'పెడై' అంటారు. ఎరువు తెచ్చుకొన్న మాటలు కావివి. సంస్కృత కోశం పుంజును వర్ణిస్తూ ఉండగానే, ఇంటి భాష పెట్టకు సొంత పేరు పెట్టి పిలుచుకొంటున్నది.

కోడి అడవి విడిచి ఇంటికి ఎప్పుడు వచ్చింది? అడవికోళ్ళలో ఎర్రనిదే మన పెంపుడు కోడికి మూలమని డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథంలో చెప్పాడు. 2020లో 863 కోళ్ళ జన్యువులను పోల్చి చూచిన శాస్త్రజ్ఞులు, ఆ ఎర్ర అడవికోళ్ళలోనూ నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతాలలో ఉండే ఒక ఉపజాతి మన పెంపుడు కోడికి అత్యంత సమీపమైనదని తేల్చారు. 2022లో వెలువడిన మరొక పరిశోధన, మధ్య థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలను క్రీ.పూ. 1650 – 1250 నడుమకాలపు పెంపుడు కోళ్ళవిగా గుర్తించింది. ఆ పరిశోధకుల భావన నాకు ఎంతో నచ్చింది. మనిషి అడవికి పోయి కోడిని వలవేసి పట్టుకు రాలేదట. మెట్టవరి, చిరుధాన్యాలు పండించడం మొదలయిన చోట, రాలిన గింజల కోసం అదే ఊరి అంచుకు వచ్చిందట. అంటే మొదటి కోడిని మచ్చిక చేసినది నేల మీద రాలిన గింజ.

ఈ కథలో మన దక్షిణాపథానికీ ఒక పాలు ఉన్నది. 2008లో జరిగిన జన్యు పరిశోధనలో, చాలా పెంపుడు కోళ్ళ కాళ్ళకు ఉండే పసుపు రంగు ఎర్ర అడవికోడి నుండి రాలేదని, అది బూడిద రంగు అడవికోడి నుండి సంక్రమించినదని తెలిసింది. ఈ బూడిద అడవికోడి నివాసం ప్రధానంగా దక్షిణ, పశ్చిమ భారతదేశమే. తూర్పు కనుమలలో రమారమి గోదావరి ప్రాంతమే ఈ రెండు జాతులకు సరిహద్దు. ఉత్తరాన ఎర్రనిది, దక్షిణాన బూడిదరంగుది. పసుపు పూసుకున్నట్లుండే కాళ్ళతో ముంగిట తిరిగే పెట్టను చూచినపుడు, అది మన దేశపు అడవి ఇచ్చిన పారాణి అని నాకనిపిస్తుంది.

ఇక ఇంటి చరిత్ర. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మా ఊరిలో నా చిన్నతనంలో చూచినది చెబుతాను. ఆడవారు సంతలో పెట్టను కొనేటప్పుడు ముందు దాని కన్ను, ముక్కు చూచేవారు. ముక్కున నీరు కారుతున్నదా, రెట్ట పచ్చగా ఉన్నదా, రొమ్ము ఎముక కత్తిలా చేతికి తగులుతున్నదా అని తడిమేవారు. ఇంటికి తెచ్చిన కోడిని పగటివేళ వాకిట వదలేవారు కారు. ముందుగా నీళ్ళు, తరువాత గుప్పెడు నూకలు పెట్టి, పాతకోళ్ళకు దూరంగా వేరే గంప కింద మూసి ఉంచేవారు. మేదరులు వెదురు బద్దలతో అల్లిన ఆ గంపకు కన్నాలు ఉండేవి. లోపలి కోడి బయటి ఇంటిని చూచేది. బయటి కోళ్ళు లోపలి కొత్తదానిని చూచేవి. ముక్కుతో పొడవడానికి మాత్రం వీలుండదు. గంప కింద నేల మీద పొయ్యిబూడిద చల్లేవారు. అందులో పొర్లితే కోడిపేలు రాలిపోతాయని వారి అనుభవం.

రోజులు గడిచి, కొత్తది చక్కగా తింటున్నదని, ఏ తెగులూ బయటపడలేదని నమ్మకం కుదిరిన తరువాత, ఒకనాటి రాత్రి చీకటి పడ్డాక దానిని మెల్లగా తీసి పాతకోళ్ళున్న గూట్లో పెట్టేవారు. గూడు అంటే అరుగు కింద మట్టితో కట్టిన అర. తలుపుగా ఒక పలక, దానికి ఆనుకొని ఒక రాయి. రాత్రే ఎందుకంటే చీకటిలో కోడికి చూపు ఆనదు. కదలదు, కలహించదు. తెల్లవారేసరికి అన్నీ ఒకే గూటి వాసనలో మేలుకొంటాయి. మొదటి నాలుగు రోజులు పొద్దున విడిచేవారు కారు. సాయంకాలం, పొద్దు గుంకడానికి గంట ముందు విడిచేవారు. ఆ గంటలో దూరం పోలేదు. చీకటి తరుముకు వస్తుంటే తెలిసిన గూటికే చేరుతుంది. ఆ పూటకు మళ్ళీ 'బా బా' అని పిలిచి గూటి దగ్గరే గింజలు చల్లేవారు. పిలుపు, గింజ, గూడు – ఈ మూడూ దాని బుర్రలో ముడిపడేదాకా ఇదే వరుస.

ఇప్పుడు కొన్నవారు చేయవలసినది కూడా ఇదే. గంప స్థానంలో ఇనుప జాలీ అడ్డం వచ్చినది, మట్టి గూటి స్థానంలో కొయ్యపెట్టె వచ్చినది, అంతే. కొత్త కోళ్ళను రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. వాటి దాణా, నీళ్ళ పాత్రలు వేరుగా ఉండాలి. ముందు పాతవాటికి మేత వేసి తరువాత కొత్తవాటి దగ్గరకు వెళ్ళాలి. అమ్మినవారు ఏ మేత పెట్టేవారో అడిగి, కొన్నాళ్ళు అదే పెట్టి క్రమంగా మార్చాలి. కలిపిన తరువాత మేత ఒకేచోట కాక రెండు మూడు చోట్ల పెట్టాలి. లేకుంటే పాతవి కొత్తవాటిని దగ్గరకు రానీయవు. ఒకే ఒక్క కొత్త పెట్టను తేవడం కంటె రెండింటిని తేవడం మేలు. దెబ్బలు పంచుకోవడానికి తోడు ఉంటుంది! పిల్లి, ముంగిస, జంగపిల్లి, కుక్క, పైనుండి గద్ద – ఇన్ని కళ్ళు ఉన్నాయి గనుక తిరిగే స్థలానికి పైకప్పుగా కూడా జాలీ ఉండాలి.

ఆ పొడుచుకోవడానికి ఒక క్రమం ఉన్నదని పాశ్చాత్య శాస్త్రానికి చెప్పినవాడు షెల్‌డెరుప్ ఎబ్బె అనే నార్వే దేశీయుడు. అతడు బాల్యం నుండి కోళ్ళను గమనించి, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో వ్రాసిపెట్టుకొని, 1921లో దానిని పరిశోధనగా ప్రకటించాడు. గుంపులోని ప్రతి కోడికీ తన కంటె పైది ఏదో, కిందిది ఏదో తెలుసు. కొత్తది వచ్చినప్పుడు ఆ వరుస మొత్తం మళ్ళీ తేలవలసి వస్తుంది. అందుకే ఆ కొట్లాట. రక్తం చూడనంతవరకు మనం కలుగజేసుకోరాదు. మన ఆడవారికి ఈ వరుస తెలియదా? గంపకు కన్నాలుండడం, చీకటివేళ కలపడం దానికి విరుగుడే కదా. తెలిసినది వ్రాసుకొనే అక్షరం వారి చేతిలో లేదు. ఒక దేశంలో ఒక పిల్లవాడి నోటుపుస్తకం శాస్త్రమైనది. మన దేశంలో వేలమంది స్త్రీల అనుభవం సామెతగా మిగిలింది. "కోడి తొక్కితే పిల్ల చస్తుందా?" అన్నారు. తన కోడీ, కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూచి నవ్వుకున్నాం. ఆ ముసలమ్మకు కోడి ఏమి ఇచ్చిందో ఎవరూ అడగలేదు.

ఏమి ఇచ్చిందో చెబుతాను. ఎద్దులు, గేదెలు, పొలం, పంట – వీటి డబ్బు మగవారి లెక్క. గుడ్ల డబ్బు ఆడవారిది. చుట్టం వస్తే కూర, జ్వరం వస్తే మందు, బిడ్డకు పలక, తనకు రవికగుడ్డ అందులోనుండే. పెట్టను కొనే స్తోమత లేనివారికి 'పాలుకు' ఇచ్చే ఆచారం ఉండేది. ఒకామె పెట్టను మరొకామె తీసుకుపోయి పెంచుతుంది. పొదిగించిన పిల్లలను ఇద్దరూ చెరిసగం పంచుకొంటారు. కాగితం లేదు, సాక్షి లేడు. ఒక ఇంటి పెట్ట మరొక ఇంటికి మచ్చిక కావడం అన్న చిన్న విద్య మీద ఆ ఒప్పందమంతా నిలిచేది. కొత్త ఇంట నిలువక పెట్ట పారిపోతే, పేదరాలి ఏడాది ఆశ పారిపోయినట్లే.

ఆ ఆశను తుడిచిపెట్టేది మరొకటి – కొక్కెర తెగులు. ఎండలు మారే రోజుల్లో మెడ వంకర తిరిగి, పచ్చని రెట్ట వేసి, ఒక్క వారంలో వీధివీధి కోళ్ళన్నీ పోయేవి. ఈ తెగులును మన దేశంలో 1927లో కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద గుర్తించారు. అందుచేత దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. తరువాత టీకాలు వచ్చాయి. ఇప్పటికీ కొత్త కోళ్ళను కొనేవారు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న, "కొక్కెర టీకా వేశారా?" అన్నదే. వేయకపోతే పశువైద్యుని సలహాతో, వేరుగా ఉంచిన రోజుల్లోనే వేయించాలి.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో కోడి పెరటిని విడిచి షెడ్డులోకి పోయింది. ఇటలీలోని లివోర్నో రేవు పేరును ఆంగ్లేయులు పలికిన తీరులో మనకు వచ్చిన తెల్ల లెగ్‌హారన్ గుడ్ల యంత్రమయింది. తెలుగువారైన బండా వాసుదేవరావు గారు 1971లో ప్రారంభించిన హేచరీ దేశపు కోళ్ళ పరిశ్రమ రూపునే మార్చింది. గుడ్ల ధరను దళారులు కాక రైతులే నిర్ణయించుకోవాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రశ్రేణిలో నిలిచింది. గుడ్డు పేదవాడికీ అందింది. దానిని నేను తక్కువ చేయను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు తిని చదువుకొన్న పిల్లలను చూచినవాడిని. కాని గుడ్ల డబ్బు ఇల్లాలి మూట విడిచి బ్యాంకు ఖాతాకు వెళ్ళింది. లెగ్‌హారన్ పొదుగుకు కూర్చోదు. తల్లి లేకుండా దీపపు వేడిమిలో పెరిగిన పిల్లకు గద్ద నీడ తెలియదు, తల్లి హెచ్చరిక తెలియదు, గూటికి చేరే వేళ తెలియదు.

ఇందులో ఒక వింత కూడా ఉన్నది. మన పందెపుకోడి జాతిని అసీల్ అంటారు. మనం నిత్యం వాడే 'అసలు' అన్న మాటకు అది జ్ఞాతి. రెండూ అరబ్బీ నుండి వచ్చినవే. ఆంధ్రదేశం ఆ జాతికి పేరుపొందిన నెలవులలో ఒకటి. 19వ శతాబ్దిలో అసీల్ కోళ్ళు ఇంగ్లండుకు వెళ్ళి, అక్కడి కార్న్‌వాల్ సీమలో ఇతర జాతులతో కలిసి కార్నిష్ అనే జాతికి మూలమయ్యాయి. ఆ కార్నిష్ రక్తమే నేటి బ్రాయిలర్‌లో ఉన్నది. పందెంలో కత్తి కట్టించుకొన్న వీరుని వంశం సముద్రం దాటిపోయి, నలభై రోజులలో కోతకు వచ్చే మాంసపు ముద్దగా తిరిగి వచ్చింది. వీరగాథలు పాడిన మనం ఆ కథను మాత్రం పాడుకోలేదు.

పెరటి కోడిని మళ్ళీ తీసుకురావాలన్న ప్రయత్నం హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జరిగింది. అక్కడి కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ 1988లో ఏర్పడి, వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. రంగురంగుల ఈకలు గల ఈ కోళ్ళు పెరటిలో గద్ద కంటికి తెల్లకోడి వలె స్పష్టంగా చిక్కవు. పిల్లలను ఆరు వారాలు వెచ్చని చోట పెంచి, టీకాలు వేసి, అప్పుడు పెరటికి ఇస్తారు. ఆ ఆరు వారాల పిల్లే ఇప్పుడు పట్టణాలలో మన మిత్రులు కొని తెస్తున్నది. దానికి గూడు తెలియదు. ఎవరో ఒకరు దానికి తల్లి కావాలి.

అజాగ్రత్త ఎంత ప్రమాదమో ఈ కాలం చెప్పింది. పక్షిజ్వరం మన దేశంలో మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024లో నెల్లూరు జిల్లాకు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలకు వచ్చి లక్షల కోళ్ళను బలిగొన్నది. అందుచేత కొత్త కోళ్ళను విడిగా ఉంచడం చాదస్తం కాదు. చచ్చిన కోడిని చేతితో తాకరాదు, పారవేయరాదు, పశువైద్యశాలకు తెలియజేయాలి. గూడు శుభ్రం చేసినప్పుడల్లా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నాయనమ్మ గంప నేర్పినది ఈనాటి వైద్యం మరింత గట్టిగా చెబుతున్నది.

నా తరం తెలుగు పండితులకు ఒక బాధ్యత ఉన్నదనుకొంటాను. మేము పాఠాలలో పల్నాటి పుంజుల శౌర్యం వర్ణించి చెప్పాము. అది చెప్పవలసినదే. కాని గంప అల్లిక పేర్లు, గూటి భాగాల పేర్లు, పొదుగు వేసే పద్ధతులు, తెగుళ్ళకు జిల్లా జిల్లాకూ మారే మాటలు, కోళ్ళను పిలిచే పిలుపులు – ఇవన్నీ ఎనభై దాటిన ఆడవారి నోళ్ళలో ఉన్నాయి. వారు వెళ్ళిపోతే ఏ నిఘంటువులోనూ దొరకవు. మీ ఇంట్లో అటువంటి పెద్దావిడ ఉంటే ఈ వారమే ఆమె దగ్గర కూర్చోండి. "అమ్మా, కొత్త కోడిని ఎట్లా మచ్చిక చేసేదానివి?" అని అడగండి. ఆమె మాటలు ఆమె యాసలోనే వ్రాసిపెట్టండి. దిద్దవద్దు.

అమరసింహుడు విడిచిన ఖాళీని ఇన్నాళ్ళకైనా మనం పూరించవచ్చు. రాజ్యాలను ఓడించిన పుంజుల కథలు మనకు ఉన్నాయి. ఇళ్ళను నిలబెట్టిన పెట్టల కథలు వ్రాయవలసి ఉన్నది.